గొప్ప బాక్సర్ ఎవరనే లెక్క ఎందుకు తెగదు

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలుచుకున్నారు. ఆమెకు పైన నిలిచిన ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. విజయనగరం జిల్లా కొండవెలగాడలో సాధన చేసే అమ్మాయి ఎప్పుడో ఒకనాడు అంతే బరువు ఎత్తితే, ఆ రెండు ప్రదర్శనలనూ నిస్సంకోచంగా పక్కపక్కన పెట్టవచ్చు, ఎందుకంటే కిలో అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

బాక్సింగ్‌లో ఆ సదుపాయం లేదు. అక్కడ కొలబద్ద ఎదుటి మనిషి; ఆ మనిషి పోటీకొకరు చొప్పున మారిపోతాడు. అయినా వెయిట్‌లిఫ్టింగ్ చూస్తూ పెరిగిన మన ప్రాంతంలో మహా బాక్సర్ల వరుస గురించి వాదన వచ్చినప్పుడల్లా ఎన్ని గెలుపులు, ఎన్ని నాకౌట్లు, ఎన్ని టైటిళ్లు అంటూ కిలోలు కూడినట్టే కూడుతుంటారు.

గెలుపు వరుస గీతలో నడవదు. జో ఫ్రేజియర్ 1971లో మహమ్మద్ అలీని ఓడించాడు. ఆ ఫ్రేజియర్‌ను 1973లో జార్జ్ ఫోర్‌మన్ రెండో రౌండులోనే ముగించాడు. అదే ఏడాది అలీని ఓడించిన కెన్ నార్టన్‌కు కూడా 1974లో ఫోర్‌మన్ చేతిలో రెండు రౌండ్లే దక్కాయి. ఈ లెక్కన ఆఫ్రికాలోని కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఎదుర్కొన్న అలీకి అవకాశమే ఉండకూడదు. 1974 అక్టోబరులో ఎనిమిదో రౌండులో పడిపోయినది మాత్రం ఫోర్‌మన్. ఒకరి శైలి మరొకరికి చిక్కే తీరులో తేడా ఉంటుంది కనుక, ఏ బాక్సర్‌నైనా ఒకే అంకెలో ఇమడ్చబోతే కొంత సమాచారం జారిపోవడం తప్పదు.

ఆ నష్టానికి ఒప్పుకొని అంకె కావాలనుకునేవారికి చదరంగం కోసం అర్పాద్ ఎలో రూపొందించిన పద్ధతి అందుబాటులో ఉంది. అది ఫలితాలను బట్టి ప్రతి ఆటగాడికీ రేటింగు అనే అంకె ఇస్తుంది. ఇద్దరి రేటింగుల మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పై ఆటగాడికి వందకు దాదాపు 76 వంతులు, 400 ఉంటే సుమారు 91 వంతులు ఫలితం దక్కుతుందని అది అంచనా వేస్తుంది. ఊహించిన గెలుపుకు స్వల్పంగా, ఊహించని గెలుపుకు దండిగా పాయింట్లు చేరుతాయి.

అజేయ రికార్డుల మెరుపు ఇక్కడే తగ్గుతుంది. ప్రతి పోటీలోనూ గెలిచే అవకాశం వందకు 95 ఉన్న బాక్సర్ 50 పోటీలూ వరుసగా గెలిచే సంభావ్యత వందకు 8 మాత్రమే. అదే ప్రతిసారీ 99 అవకాశమిచ్చే ప్రత్యర్థులను ఎంచుకుంటే అది 60కి చేరుతుంది. అంటే ఓటమి లేకపోవడంలో ప్రతిభతో పాటు ప్రత్యర్థుల ఎంపిక కూడా కలిసి ఉంటుంది. ఫ్లాయిడ్ మేవెదర్ నిస్సందేహంగా అసాధారణ బాక్సర్. కానీ 2017లో ఆయన యాభయ్యో గెలుపు వృత్తి బాక్సింగ్‌లో తొలిసారి అడుగుపెట్టిన కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. ఎలో లెక్కలో దాని విలువ దాదాపు శూన్యం.

షుగర్ రే రాబిన్సన్ సంగతి దీనికి భిన్నం. సుమారు 200 పోటీలాడిన ఆయనకు తొలి ఓటమి 1943లో, తనకన్నా బరువైన జేక్ లామోటా చేతిలో ఎదురైంది. సరిగ్గా మూడు వారాలకే మళ్లీ అతనితోనే తలపడి గెలిచాడు. మొత్తం ఆరుసార్లు ఢీకొని ఐదుసార్లు నెగ్గాడు. ఆ ఒక్క ఓటమి తరువాత 1951లో రాండీ టర్పిన్ ఓడించేదాకా ఎవరికీ లొంగలేదు. ఇంత దట్టమైన ఆధారం మరెవరికీ లేనందున నా దృష్టిలో మొదటి స్థానం ఆయనదే, పందొమ్మిది ఓటములున్నా సరే.

తరాలను పోల్చేటప్పుడు ఇంతకన్నా మొండి చిక్కు ఎదురవుతుంది. అందరి రేటింగులకూ వంద కలిపినా అంచనాలు మారవు. అంటే ఆ అంకె తోటివారికన్నా ఎంత ముందున్నాడో చెబుతుందే తప్ప అసలు ఎంత ఎత్తులో ఉన్నాడో చెప్పదు. తరాలను కలిపే లంకెలు కూడా ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతాయి. 1951లో రాకీ మార్సియానో ఓడించిన జో లూయిస్ వయసు 37. 1980లో లారీ హోమ్స్ ఓడించిన అలీ వయసు 38. వాడిన బాక్సర్‌కూ వికసిస్తున్న బాక్సర్‌కూ మధ్య జరిగిన పోటీతో రెండు యుగాలను తూచడం న్యాయం కాదు. (వీరఘట్టం వాసి కోడి రామమూర్తి నాయుడి బలం గురించి మన పెద్దలు చెప్పే కథలకూ నేటి పోటీల కొలతలకూ పొంతన కుదరకపోవడానికి కారణం కూడా ఉమ్మడి కొలబద్ద లేకపోవడమే.)

అన్నిటికన్నా పెద్ద లోటు జరగని పోటీలది. 1906లో శామ్ లాంగ్‌ఫర్డ్‌ను ఓడించిన జాక్ జాన్సన్, 1908లో హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాక అతనికి మళ్లీ అవకాశమివ్వలేదు. వర్ణవివక్ష కారణంగా లాంగ్‌ఫర్డ్, హారీ విల్స్ వంటి నల్లజాతి బాక్సర్లు ప్రపంచ టైటిల్‌కు దూరంగా, తమలో తామే పదేపదే తలపడవలసి వచ్చింది; ఈ ఇద్దరే పదిహేనుసార్లకు పైగా ఢీకొన్నారు. గణిత భాషలో చెప్పాలంటే మిగతా పోటీల వలతో లంకెలు బాగా సన్నగిల్లిన వల అది. దాని లోపలి వరుసను బాగానే లెక్కించవచ్చు. కానీ ఆ వరుస మొత్తాన్ని ఛాంపియన్ల వరుస పక్కన ఎంత ఎత్తున నిలపాలో తేల్చే పోటీలు చాలినన్ని జరగలేదు. అందుకే లాంగ్‌ఫర్డ్‌ను ఇరవయ్యో స్థానంలో పెట్టిన జాబితానూ, మూడో స్థానంలో పెట్టిన జాబితానూ అంకెలతో తప్పుపట్టడం సాధ్యం కాదు. నేనైతే మూడు వైపే మొగ్గుతాను.