స్క్రోలింగ్ చూసి టికెట్ క్యాన్సిల్ కొట్టకండి

టీవీలో ‘విశాఖ నుంచి విమానాలు రద్దు’ అని స్క్రోలింగ్ మొదలైందంటే ద్వారకానగర్‌లోని మా టికెట్ల ఆఫీసులో ఫోన్ ఆగదు. అడిగేది ఒకటే: “మేమే ముందుగా క్యాన్సిల్ చేసేసుకుంటే డబ్బులు తొందరగా వస్తాయి కదండీ?”

తొందర సంగతి అటుంచండి, చాలావరకు రావు. మీరు నొక్కితే అది మీ క్యాన్సిలేషన్, ఛార్జీలు మీ నెత్తినే. ఎయిర్‌లైన్ రద్దు చేస్తే నాన్‌రిఫండబుల్ టికెట్‌కైనా పూర్తి రిఫండ్, లేదంటే వేరే ఫ్లైట్. ఏది కావాలో మీ ఇష్టం. ఇది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన.

2025 అక్టోబరులో మొంథా తుపానుకు ముందు రోజు రాత్రి గాజువాక పెద్దాయన ఒకరు ఇదే పని చేశారు. బెంగళూరులో కూతురికి నెలలు నిండాయి. స్క్రోలింగ్ చూసిన కంగారులో పక్కింటి కుర్రాడి చేత రెండు టికెట్లూ క్యాన్సిల్ కొట్టించేశారు. తెల్లారేసరికి ఆ ఫ్లైట్‌ని ఎయిర్‌లైనే రద్దు చేసింది. అందులోనే వెళ్లాల్సిన మరో కుటుంబానికి మొత్తం వెనక్కొచ్చింది. ఈయనకు వచ్చింది పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు మాత్రమే. మెసేజ్ నా ముందు పెట్టి “తుపాను అందరికీ ఒకటే కదా బాబూ” అన్నారు. ఏం చెప్పను? టీ తెప్పించి, రెండు రోజుల తర్వాతి ఫ్లైట్ చూశాను.

కాబట్టి పీఎన్‌ఆర్ కొట్టి ఎయిర్‌లైన్ యాప్‌లోనే స్టేటస్ చూడండి. బుకింగ్‌లో ఉన్న ఫోన్ నంబరు మీదేనా అన్నదీ చూసుకోండి. మా ఏజెంట్లలో కొందరు సొంత నంబరు ఇచ్చేస్తారు, రద్దు మెసేజ్ వాళ్లకే పోతుంది. ఇది మా తప్పే.

‘తుపాను కాబట్టి పైసా రాదు’ అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకో దండం. తుపాను, పొగమంచు లాంటి వాటికి రానిది నష్టపరిహారం. టికెట్ డబ్బు వేరు, అది రావాల్సిందే.

“ఇక్కడ ఎండ కాస్తుంటే రద్దేమిటి?” అనేవాళ్లూ ఉన్నారు. ఢిల్లీలో పొగమంచు పడితే అక్కడి విమానం ఇక్కడికి రాదు. రాని విమానం తిరిగి ఎలా వెళ్తుంది? వార్తల్లో చెప్పే రద్దయిన విమానాల లెక్క కూడా చాలాసార్లు రాకపోకలు రెండూ కలిపిందే.

ఇక గూగుల్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరుకి ఫోన్ చేసి ఓటీపీ చెప్పకండి. టెన్షన్‌గా ఉంటే మాకే చేయండి, రాత్రి పదకొండు దాకా ఎత్తుతాను.