ఎలుక మడమ నుంచి జిమ్ బ్యాగ్ దాకా

వేలెడంత గాజు సీసా. అడుగున తెల్లటి పొడి, పైన రబ్బరు మూత. లేబుల్ మీద ‘పరిశోధన కోసం మాత్రమే, మనుషులు వాడరాదు’ అని ఉంటుంది. కొన్నవాళ్లు ఆ పొడిలో నీళ్లు కలిపి, ఇన్సులిన్ సిరంజితో పొట్ట చర్మం కింద పొడుచుకుంటారు. పట్టేసిన భుజమో, ఎన్నాళ్లకీ తగ్గని మడమ నొప్పో పోతుందని ఆశ. దాని పేరు బీపీసీ-157.

పుట్టిల్లు క్రొయేషియా. జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో ప్రెడ్రాగ్ సికిరిచ్ బృందం 1990ల మొదట్లో దీన్ని మనిషి జఠర రసంలోని ఒక ప్రోటీన్ ముక్కగా పరిచయం చేసింది. 15 అమైనో ఆమ్లాల గొలుసు; ఇలాంటి చిన్న గొలుసునే పెప్టైడ్ అంటారు. పేరుకు అర్థం ‘శరీరాన్ని కాపాడే పదార్థం’. బారసాల కాస్త తొందరపడి చేసేశారనిపిస్తుంది! మొదట్లో చూసింది కడుపు పుండ్ల సంగతే. తర్వాత చూపు టెండన్ల మీద పడింది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే ఈ తాళ్లకు రక్తం అందేది తక్కువ, అందుకే తెగితే అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఎలుకల మడమ టెండన్ కోసి ఈ పెప్టైడ్ ఇస్తే త్వరగా మానిందని 2003లో ప్రకటించారు. 2011లో తైవాన్ పరిశోధకులు కూడా ఎలుక టెండన్ కణాల మీద దాని ప్రభావం చూశారు. కానీ ఎక్కువ పరిశోధనలు ఆ జాగ్రెబ్ గూటి నుంచే రావడం నాకైతే మింగుడుపడదు.

మనుషుల దాకా వచ్చేసరికి నత్తనడకే. 2015లో ఆరోగ్యవంతుల మీద తలపెట్టిన తొలిదశ పరీక్ష ఫలితాలు అచ్చు కాలేదు. 2021 నాటి మోకాలి నొప్పి అధ్యయనంలో ఉన్నది 16 మంది. పోల్చి చూడటానికి ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు అందులో లేరు.

ఆటగాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? గాయాలు మాన్పుతుందని పేరుపడ్డ మరో పెప్టైడ్ థైమోసిన్ బీటా-4 వ్యవహారంలో, ఆస్ట్రేలియాలోని ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్‌కు 2012లో ఆడిన 34 మందిపై 2016 జనవరిలో నిషేధం పడింది. బీపీసీ-157ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి నిషేధ జాబితాలో చేర్చింది.

కొత్త రక్తనాళాలు మొలిపిస్తుందన్నది దీనికి చెప్పే గొప్ప గుణం. కణితి పెరగడానికి కావలసిందీ కొత్త రక్తనాళాలే, డాక్టర్ల టెన్షన్ అక్కడే. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఫార్మసీలు సొంతంగా మందుగా తయారుచేసి ఇవ్వకూడని, ప్రమాదం ఉన్న పదార్థాల్లో పెట్టింది. మలినాలు ఉండొచ్చని, రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరగొచ్చని కారణాలు చెప్పింది. ఆ తర్వాత కూడా ‘పరిశోధన’ సీసాలు ఆన్‌లైన్‌లో దొరుకుతూనే వచ్చాయి.