ఫోన్‌లో వస్తోంది, టీవీలో ఎందుకు రాదు?

టీవీలో నెట్ రాకపోతే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ఒకటే: "ఫోన్‌లో బాగానే వస్తోందిగా, అంటే టీవీయే పోయింది." నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ల అబ్బాయి ఇంటికొచ్చినా తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చూపించి, మా వైపు అంతా ఓకే అండీ, టీవీ కంపెనీవాళ్లని అడగండి అని వెళ్లిపోతాడు. టీవీ కంపెనీవాళ్లు రూటర్ చూపించుకోమంటారు. చిక్కంతా ఆ మొదటి మాటలోనే ఉంది. ఫోన్‌లో వస్తోంది కాబట్టి టీవీ పాడైనట్టు కాదు. ఇంకా విడ్డూరం ఏంటంటే, ఫోన్‌లో వస్తోంది కాబట్టి వైఫై బాగున్నట్టూ కాదు.

ఫోన్‌కి రెండు దారులున్నాయి. వైఫైకి కనెక్ట్ అయ్యాక దాని వెనక ఇంటర్నెట్ లేదని తెలిస్తే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా సిమ్ డేటాకి మారిపోతాయి. మనకి వీడియో ఆడుతూనే ఉంటుంది, మనం వైఫైని మెచ్చుకుంటూనే ఉంటాం. టీవీకి ఆ రెండో దారి లేదు. అందుకని పరీక్ష చెయ్యాలంటే ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. తరవాత సోఫాలో కూర్చుని కాదు, లేచి వెళ్లి ఫోన్‌ని టీవీ వెనక్కి, గోడకీ ప్యానెల్‌కీ మధ్య పట్టుకుని వీడియో పెట్టండి. అక్కడ ఫోన్ కూడా తడబడితే టీవీని తిట్టాల్సిన పని లేదు.

టీవీ వెనక అంత ఇబ్బంది ఎందుకంటే, ఎల్ఈడీ టీవీ తెర వెనకాల దాదాపు దాని వెడల్పంతా లోహపు రేకు ఉంటుంది. వైఫై బోర్డు, దాని చిన్న యాంటెన్నా సాధారణంగా వెనక మూతలో, ఎక్కువగా కింది అంచు దగ్గర ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి. రేడియో తరంగం లోహాన్ని దాటదు, తగిలి వెనక్కి తిరుగుతుంది. అంటే హాల్లో మన వెనక ఉన్న రూటర్ నుంచి వచ్చే సిగ్నల్ నేరుగా యాంటెన్నాకి అందదు, గోడలకీ పైకప్పుకీ తగిలి చుట్టూ తిరిగి చేరాలి. ఫోన్‌ని మనం అటూ ఇటూ తిప్పుకుంటాం, టీవీని మేకు కొట్టి గోడకి బిగించేశాం.

ఇక్కడే ఒక సరదా విషయం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. గోడలకి తగిలి వేరు వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ బలమైన చోట్లకీ, చచ్చిన చోట్లకీ మధ్య దూరం చాలాసార్లు తరంగం పొడవులో సగం లోపే ఉంటుంది. కాబట్టి రూటర్‌ని బెత్తెడు పక్కకి జరిపినా టీవీకి అందే సిగ్నల్ మారిపోవచ్చు. "ఊరికే కొంచెం జరిపాను, వచ్చేసింది" అని ఎవరైనా అంటే నవ్వకండి, అందులో భౌతికశాస్త్రం ఉంది.

మన ఇళ్ల కట్టుబడి కూడా వైఫైకి పెద్ద అనుకూలం కాదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఇనుప ఊచలున్న స్లాబు, అడ్డంగా ఇనుప బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం. ఆ అద్దం వెనకుండేదీ లోహపు పూతే. నీళ్లు కూడా ఈ తరంగాలని పీల్చుకుంటాయి, కాబట్టి చేపల తొట్టె పక్కన రూటర్ పెట్టినవాళ్లు ఇంకో చోటు చూసుకోండి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మాత్రం వైర్లు కనపడకూడదని రూటర్‌ని టీవీ యూనిట్ లోపల, సరిగ్గా టీవీ వెనక దాచెయ్యడం. టీవీకి దగ్గరే కదా అనిపిస్తుంది, కానీ ఇల్లంతటికీ ఆ లోహపు రేకే అడ్డం. ఇక దుమ్ము పడకుండా రూటర్ మీద బట్ట కప్పేవాళ్లున్నారు. బట్ట వల్ల సిగ్నల్‌కి ఇబ్బంది పెద్దగా లేదు, వేడికే ఇబ్బంది.

సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తారు. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. మైనస్ 50 ఉంటే భేషుగ్గా ఉన్నట్టు, వీడియోకి మైనస్ 67 దాకా ఫర్వాలేదు, మైనస్ 80కి దిగితే వైఫై పేరు కనిపిస్తుందేగానీ పని జరగదు. పది తగ్గిన ప్రతిసారీ బలం పదో వంతుకి పడిపోతుంది. అంటే మైనస్ 50కీ మైనస్ 80కీ తేడా వెయ్యి రెట్లు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే ఈ అంకె చూపిస్తుంది. చాలా టీవీలు మాత్రం మూడు గీతలు గీసి ఊరుకుంటాయి. పైగా ఆ గీతలు చెప్పేది రూటర్ మాట టీవీకి ఎంత బాగా వినిపిస్తోందన్నదే. టీవీ మాట రూటర్‌కి వినిపిస్తోందా అన్నది అందులో లేదు. వచ్చిన ప్రతి ముక్కకీ అందిందని టీవీ తిరిగి చెప్పాలి, ఆ జవాబు అందకపోతే రూటర్ అదే ముక్కని మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. గీతలు నిండుగా ఉన్నా లోడింగ్ చక్రం తిరగడానికి ఒక కారణం ఇదే.

ఇక వైఫై జాబితాలో ఒకే రూటర్‌కి కనిపించే రెండు పేర్ల సంగతి. ఇప్పటి రూటర్లు చాలావరకు రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తాయి, 2.4 ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. 2.4 దూరం వెళ్తుంది, గోడల్ని కాస్త బాగా దాటుతుంది. కానీ అది ఇరుకు సందు. మొత్తం 83.5 మెగాహెర్ట్జ్ జాగా, అందులో 13 చానళ్లు, అవి 5 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉంటే ఒక్కో రూటర్ వాడుకునే వెడల్పు 20. కాబట్టి ఒకదాని మీద ఒకటి పడకుండా మామూలుగా వాడేవి మూడే: 1, 6, 11. ఒక అపార్టుమెంటులో ఫ్లోరుకి ఆరు ఫ్లాట్లు, ఫ్లాటుకో రూటర్ ఉంటే ఈ మూడింటిలోనే అందరూ సర్దుకోవాలి. ఎవరూ లేరని 3 మీదికో 4 మీదికో వెళ్లడం తెలివైన పనిలా ఉంటుంది, కాదు. ఒకే చానల్ మీద ఉన్న రూటర్లు పంచాయతీలో పెద్దమనుషుల్లా ఒకరు మాట్లాడాక ఇంకొకరు మాట్లాడతాయి, నెమ్మదైనా పని జరుగుతుంది. సగం సగం కలిసే చానళ్ల మీద ఒకరి మాట ఇంకొకరికి అర్థంకాని రొద అవుతుంది.

దీనికి తోడు వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. లోపల వందల వాట్లు, రూటర్ పంపేది ఒక వాటులో పదో వంతు అటూ ఇటూగా. తలుపు సందుల్లోంచి ప్రమాదంలేని కాస్త లీకేజీ ఉన్నా రూటర్ గొంతు మునిగిపోతుంది. సాయంత్రం పిల్లలకి పాప్‌కార్న్ చేసినప్పుడే సినిమా ఆగుతోందంటే కారణం వెతుక్కోనక్కర్లేదు. టీవీకి యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే అదీ అనుమానితుడే. ఆ కేబుల్, కనెక్టర్ 2.4 ప్రాంతంలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చూపించింది. బ్లూటూత్ రిమోట్, బ్లూటూత్ సౌండ్‌బార్ కూడా ఈ బ్యాండ్‌లోనే తిరుగుతాయి, కాకపోతే అవి చానళ్లు మార్చుకుంటూ తప్పుకుంటాయి కాబట్టి అంత గొడవ పెట్టవు.

5 గిగాహెర్ట్జ్‌లో జాగా బోలెడు. మన దేశంలో 2018 అక్టోబర్‌లో ఈ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని కేంద్రం చెప్పింది, 2.4తో పోలిస్తే ఏడు రెట్లు. రూటర్, టీవీ ఒకే గదిలోనో మధ్యలో ఒక్క గోడతోనో ఉంటే కళ్లు మూసుకుని 5కి మారండి. మధ్యలో రెండు మూడు గోడలుంటే 2.4 మేలు. కానీ మారదామంటే టీవీలో ఆ పేరే కనిపించకపోవచ్చు. తక్కువ ధర 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 5 బ్యాండ్ ఉండదు, కొనేటప్పుడు దీన్ని ఎవరూ అడగరు. ఇంకో కారణం కొంచెం లోతైనది. 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లని రాడార్లు కూడా వాడతాయి. అక్కడికి వెళ్లే ముందు రూటర్ కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి, రాడార్ అలికిడి వినిపిస్తే ఖాళీ చేసి వేరే చానల్‌కి పోవాలి. కొన్ని టీవీలు ఈ చానళ్లని అసలు పట్టించుకోవు. ఫోన్‌లో 5 కనిపిస్తూ టీవీలో కనిపించకపోతే రూటర్ సెట్టింగుల్లో చానల్‌ని ఆటో నుంచి తీసి 36కో 149కో పెట్టి చూడండి. అలాగే అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చిన, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్కులు 2.4లో 11 దాకానే చూడగలిగేవి ఎక్కువ, మన రూటర్ 12 మీదో 13 మీదో కూర్చుంటే వాటికి అది లేనట్టే. రూటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత టీవీ పాస్‌వర్డ్ తప్పు అంటుంది, పాస్‌వర్డ్ తప్పు కాదు, ఆ పద్ధతే దానికి తెలియదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్న ఆప్షన్ పెడితే సరిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పింది గాల్లో జరిగేది. "వైఫై కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని టీవీ అంటే మాత్రం కథ వేరు, గాలి బాగానే ఉంది, దాని తరవాత ఎక్కడో తెగింది. ముందు ఫైబర్ బాక్స్ మీద లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్రగా వెలుగుతుంటే బాక్స్‌కి ఫైబర్ సిగ్నల్ అందనట్టు, ఎక్కడో ఫైబర్ తెగిందో వంగిందో వదులైందో అయి ఉంటుంది, టీవీతో ఏం చేసినా దండగ. అది మామూలుగా ఉంటే కరెంటు ఎప్పుడు పోయి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. కరెంటు రాగానే టీవీ, ఫైబర్ బాక్స్ రెండూ లేస్తాయి, కానీ బాక్స్‌కి అవతలివైపు లైను కలవడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. ఈలోపు టీవీ ఒకసారి అడిగి, జవాబు రాక, లేదని రాసేసుకుంటుంది. కొన్ని టీవీలు మళ్లీ అడగవు కూడా. రిమోట్‌తో ఆపి ఆన్ చెయ్యడం వల్ల లాభం లేదు, అది నిద్రే, రీస్టార్ట్ కాదు. ప్లగ్ పీకి ఒక నిమిషం ఆగి పెట్టాలి, అదీ బాక్స్ లైట్లన్నీ నిలకడగా వెలిగాక.

ఆ తరవాత కూడా రాకపోతే టీవీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీ అడ్రస్ చూడండి. 192.168తో మొదలైతే రూటర్ దాన్ని లోపలికి రానిచ్చినట్టే. 169.254తో మొదలైతే రూటర్ జవాబివ్వక టీవీ తనకి తానే ఒక నంబర్ పెట్టుకుందని అర్థం, రీస్టార్ట్ చెయ్యాల్సింది టీవీని కాదు, రూటర్‌ని. అడ్రస్ బాగానే ఉండి ఏ యాప్ తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైట్ల పేర్లని నంబర్లుగా మార్చి చెప్పే సర్వర్) దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ కొట్టి చూడొచ్చు.

అన్నీ సరిగ్గా ఉండీ యాప్‌లు మొరాయించే ఇంకో కారణం తేదీ. ప్లగ్ పీకాక కొన్ని టీవీలు గడియారం మర్చిపోయి ఎప్పటిదో ఫ్యాక్టరీ తేదీతో లేస్తాయి. సర్వర్ తన గుర్తింపుగా చూపించే డిజిటల్ సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది. టీవీ లెక్కలో ఆ రోజు ఇంకా రాలేదు, కాబట్టి నమ్మదు, యాప్ తెరవదు. తేదీ సరిచేస్తే చాలు. ఇదే చిక్కు తిరగబడి కూడా వస్తుంది. పాత పరికరాల్లో తయారీ రోజున పెట్టిన మూల సర్టిఫికెట్లకీ (మిగతా సర్టిఫికెట్లని నమ్మడానికి ఆధారమైనవి) గడువుంటుంది, అప్‌డేట్లు ఆగిపోతే కొత్తవి రావు. 2020 మే 30న యాడ్‌ట్రస్ట్ అనే మూల సర్టిఫికెట్ గడువు తీరగానే అమెరికాలో రోకు అనే టీవీ స్ట్రీమింగ్ బాక్సుల్లో కొన్ని యాప్‌లు ఆగిపోయాయి. 2021 సెప్టెంబర్ 30న, వెబ్‌సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వాడుతూ వచ్చిన పాత మూల సర్టిఫికెట్‌కీ అదే జరిగింది. నిన్నటిదాకా ఆడిన యాప్ ఉన్నట్టుండి ఆగితే రూటర్ తప్పు కాకపోవచ్చన్నమాట.

ఎవరిది తప్పో తేలక టెన్షన్ పడుతుంటే ఒక్క పని చెయ్యండి, ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి టీవీని దానికి కలపండి. ఆడితే టీవీ శుభ్రంగా ఉంది, వెతకాల్సింది రూటర్ వైపు. ఆడకపోతే టీవీ వైపు. నా మాట వింటే టీవీ ఫ్యాక్టరీ రీసెట్ ఈ పరీక్ష తరవాతే, ముందు కాదు. అన్ని యాప్‌లకీ మళ్లీ పాస్‌వర్డ్‌లు రిమోట్‌తో కొట్టుకోవడం ఎంత నరకమో చేసినవాళ్లకి తెలుసు.

వీలుంటే రూటర్ నుంచి టీవీకి లాన్ కేబుల్ వెయ్యండి, సగం గొడవలు అక్కడితో పోతాయి. ఖరీదైన టీవీల్లో కూడా లాన్ పోర్టు చాలావరకు 100 ఎంబీపీఎస్‌దే, అందుకని స్పీడ్ టెస్ట్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫైకన్నా తక్కువ చూపించి బెంబేలెత్తిస్తుంది. పట్టించుకోకండి. నెట్‌ఫ్లిక్స్ తన 4కే వీడియోకి అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. కావాల్సింది వేగం కన్నా నిలకడ. ముఖ్యంగా లైవ్ క్రికెట్‌కి, ఎందుకంటే సినిమా అయితే టీవీ ముందుగానే కాసిన్ని నిమిషాలు దాచుకుంటుంది, లైవ్‌లో దాచుకోవడానికి ఇంకా జరగని ఆట ఎక్కడుంది? సిగ్నల్ కొన్ని సెకన్లు తడబడితే తెర ఆగిపోతుంది. ఒక్కోసారి మన ఇంట్లో అంతా బాగున్నా అవతల సర్వర్ల మీద భారం పడుతుంది. 2023 నవంబర్ 19న ప్రపంచ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు.

టీవీకి అప్‌డేట్లు ఆగిపోయి వైఫై కూడా అంతంతమాత్రమే అయితే కొత్త టీవీ కొనక్కర్లేదు, హెచ్‌డీఎంఐలో పెట్టే స్టిక్ చాలు. దాన్ని నేరుగా టీవీ వెనక గుచ్చితే మళ్లీ ఆ లోహపు రేకు చాటునే పడుతుంది. చాలావాటి డబ్బాలో చిన్న ఎక్స్‌టెన్షన్ ముక్క వచ్చేది అందుకే, దాన్ని పారెయ్యకుండా వాడి స్టిక్‌ని అంచు బయటికి తీసుకురండి. కరెంటు మాత్రం టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వకండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియరే, స్టిక్‌తో వచ్చే అడాప్టర్ సాధారణంగా ఒక ఆంపియర్ ఇస్తుంది. కరెంటు చాలక స్టిక్ మధ్యమధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే చూసేవాళ్లకి అది వైఫై పోయినట్టే కనిపిస్తుంది.