పాత కారు పెట్రోల్ ముల్లు: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాది ఆటో ఎలక్ట్రికల్ పని. షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా పాత మారుతి 800లు, జెన్‌లు, శాంట్రోలు, ఇండికాలు. అప్పుడప్పుడు ఎవరో ముచ్చటపడి ఉంచుకున్న అంబాసిడర్ కూడా వస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఏసీ తర్వాత ఎక్కువగా అడిగేది పెట్రోల్ ముల్లు గురించే. దాని మీద బంకు దగ్గరా, టీ కొట్టు దగ్గరా తిరిగే మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తి అబద్ధాలు.

అపోహ: ముల్లు సగం మీద ఉంటే ట్యాంకులో సగం పెట్రోల్ ఉన్నట్టే.

ముల్లుకు లీటర్లు తెలియవు. ట్యాంకులో ఒక ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. అది ఒక కడ్డీకి తగిలించి ఉంటుంది. కడ్డీ పైకీ కిందికీ కదిలితే దాని చివరి కాంటాక్ట్ ఒక రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే) పట్టీ మీద జరుగుతుంది. దీన్నంతా కలిపి మేం ట్యాంక్ యూనిట్ అంటాం. డ్యాష్‌బోర్డులోని మీటర్‌కు అందేది ఆ రెసిస్టెన్స్ ఒక్కటే.

ట్యాంకు నలుచదరపు డబ్బా కాదు. సీటు కింద, ఇరుసు పక్కన ఎక్కడ చోటుంటే అక్కడ ఇరికించిన వంకర ఆకారం. పైగా ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఫ్లోట్ పైన ఆనుకుని ఉంటుంది. కొన్ని లీటర్లు ఖర్చయితే గానీ కిందికి దిగదు. "ఫుల్ నుంచి సగానికి రావడానికి వారం పట్టింది, సగం నుంచి కిందికి రెండు రోజుల్లో పడిపోయింది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. రిపేరు ఏమీ ఉండదు.

మీ కారు ముల్లు అసలు లెక్క తెలుసుకోవాలంటే ముల్లు పావుకు వచ్చాక బంకుకు వెళ్లి ఫుల్ ట్యాంక్ కొట్టించండి. మారుతి 800 ట్యాంకు 28 లీటర్లది. పావు ఉందంటే 21 లీటర్లు పట్టాలి. 16 దగ్గరే గన్ ఆగిపోయిందనుకోండి, పావు అని చూపించినప్పుడు లోపల సుమారు 12 లీటర్లు ఉన్నట్టు. అది భయపెట్టే ముల్లు, దానితో ప్రమాదం లేదు. 25 పట్టిందంటే మాత్రం మీరు మూడు లీటర్ల మీద తిరుగుతున్నారు. ఆ ముల్లును నమ్మి రాత్రిపూట హైవే ఎక్కొద్దు. పాత కారు ముల్లు తప్పు చూపించినా, చాలావరకు ప్రతిసారీ ఒకేలా తప్పు చూపిస్తుంది. ఎంత తప్పో ఒకసారి తెలిస్తే దానితోనే బండి నడిపించుకోవచ్చు. ఎటు పోతుందో తెలియకుండా ఎగిరే ముల్లుతోనే అసలు టెన్షన్.

అపోహ: ముల్లు తేడాగా ఉంటే మీటర్ పోయినట్టే, మార్చేయాలి.

షెడ్డులో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మీటర్ బోర్డు ఊడదీసి, పాత సామాను కొట్టు నుంచి ఇంకో మీటర్ తెచ్చి వేసినా ముల్లు మళ్లీ అలాగే ఉంటుంది. తప్పు వెనక ట్యాంకు దగ్గర ఉంది కదా!

నేను ముందు చూసేది ఎర్త్. ట్యాంక్ యూనిట్ నుంచి బాడీకి వెళ్లే నల్ల వైరు, దాని స్క్రూ. వానకు, బురదకు అక్కడ తుప్పు పడుతుంది. తుప్పు కూడా రెసిస్టెన్సే. మారుతి లాంటి చాలా కార్లలో రెసిస్టెన్స్ పెరిగితే ముల్లు కిందికి వస్తుంది కాబట్టి, ట్యాంకులో సగం ఉన్నా ఖాళీ దగ్గర ఆడుతుంది. హెడ్‌లైట్ వేయగానే ముల్లు కదిలినా ఎర్త్ మీదే అనుమానపడాలి. స్క్రూ విప్పి, ఎమరీ పేపర్‌తో గీకి, మళ్లీ బిగిస్తే కొన్ని కార్లు అక్కడికక్కడే బాగైపోతాయి.

దానితో కుదరకపోతే ట్యాంక్ యూనిట్ కనెక్టర్ తీసి, మీటర్ వైపు వైరును 3.4 వాట్ల చిన్న బల్బు ద్వారా ఎర్త్‌కు తాకిస్తాను. ముల్లు మెల్లగా ఫుల్ వైపు లేచిందంటే మీటరూ, మధ్యలో వైరింగూ బాగున్నట్టే. ఇది మారుతి తరహా కార్ల లెక్క. కొన్ని అమెరికన్ కార్లలో ఇదే పని చేస్తే ముల్లు ఖాళీకి పడుతుంది. డిజిటల్ మీటర్ ఉన్న కారులో అసలు చేయొద్దు. ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు ఇంకో మాట: ట్యాంకు తెరిచి ఉండగా దగ్గర్లో ఏ వైరూ తాకించవద్దు. పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక యూనిట్ బయటికి తీస్తే కథ కళ్లకు కనిపిస్తుంది. మల్టీమీటర్ తగిలించి ఫ్లోట్ కడ్డీని చేత్తో నెమ్మదిగా కింది నుంచి పైకి తీసుకెళ్తే ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) అంకె సాఫీగా మారాలి. పాత యూనిట్లలో ఒకచోట అంకె మాయమై మళ్లీ వస్తుంది. అక్కడ పట్టీ అరిగిపోయింది. ఎప్పుడూ పావు ట్యాంకు మీదే తిరిగే కార్లలో అరుగుదల సరిగ్గా ఆ పావు దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కుదుపులకు కాంటాక్ట్ రోజంతా రాసుకునేది అక్కడే. బండి నడుస్తుండగా ముల్లు ఖాళీకి పడి లేచేది దీనివల్లే. పాత అంబాసిడర్లలో ఇత్తడి ఫ్లోట్ దొరికితే చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల నీళ్లాడిన చప్పుడు వస్తే అతుకు దగ్గర కారి పెట్రోల్ లోపలికి వెళ్లినట్టు. బరువెక్కిన ఫ్లోట్ మునిగే ఉంటుంది, ట్యాంకు నింపినా ముల్లు లేవదు.

పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తుంటే మాత్రం ట్యాంకు జోలికి వెళ్లకండి. ఆ పాత తరం మీటర్లకు వెనకాల చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. అనుమానం దాని మీద.

అపోహ: లైట్ వెలిగాక కూడా రిజర్వ్ ఉంటుంది.

బైకుల్లో రిజర్వ్ కాక్ తిప్పిన అలవాటు ఇది. కారులో వేరే రిజర్వ్ అంటూ ఉండదు. ఉన్నది ఒకటే ట్యాంకు, మిగిలింది కొంచెమే అని లైట్ చెబుతుంది, అంతే. చాలా జపాన్ తరహా కార్లలో ఆ లైట్‌కు ఫ్లోట్‌తో సంబంధం లేదు. అడుగున ఒక చిన్న థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) ఉంటుంది. పెట్రోల్‌లో మునిగి ఉన్నంతసేపూ చల్లగా ఉంటుంది. పెట్రోల్ తగ్గి అది బయటపడితే వేడెక్కి లైట్ వెలిగిస్తుంది. అలాంటి కారులో ముల్లు పావు చూపిస్తూ లైట్ వెలిగితే లైట్‌నే నమ్మండి.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు లైట్ వెలిగి ఆరుతూ ఉంటే పెట్రోల్ ఒక పక్కకు ఒరుగుతోందని అర్థం. ఇంకాస్త తగ్గితే మలుపుల్లో ఇంజిన్ జర్కులు ఇస్తుంది.

అపోహ: పెట్రోల్ తగ్గితేనే అడుగున ఉన్న చెత్త లాగుతుంది.

పైపు మూతి ఎప్పుడూ అడుగునే ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నా అది లాగేది అక్కడినుంచే. తక్కువ పెట్రోల్‌తో నష్టం ఇంకో రకంగా వస్తుంది. 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లు ఉండే) కార్లలో పంప్ మోటార్ ట్యాంకు లోపలే ఉంటుంది. దానికి చల్లదనం, నునుపు రెండూ పెట్రోల్‌తోనే. రోజూ అడుగంటించి నడిపితే మోటార్ వేడెక్కి త్వరగా పోతుంది. కార్బురేటర్ 800లో పంపు ఇంజిన్ మీద ఉండే డయాఫ్రమ్ రకం కాబట్టి ఈ బాధ లేదు.

గ్యాస్ కిట్ పెట్టించుకున్నవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. "గ్యాస్ మీదే కదా, పెట్రోల్ ఎందుకు" అని ట్యాంకును ఎండగడతారు. కొన్ని కిట్లలో బండి గ్యాస్ మీద నడుస్తున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది. పొడిగా తిరిగి తిరిగి ఒకరోజు ఆగిపోతుంది. అదే ట్యాంకులో పాత పెట్రోల్ జిగురులా పేరుకుని ఫ్లోట్ కడ్డీని కూడా పట్టేస్తుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటోంది, అది తేమను లాగుతుంది. రేకు ట్యాంకును ఖాళీగా ఉంచితే తుప్పును పిలిచినట్టే.

అపోహ: డీజిల్ అయిపోతే పోసి స్టార్ట్ చేస్తే సరి.

పెట్రోల్ కారులో దాదాపు అంతే, సెల్ఫ్ కొంచెం ఎక్కువసేపు కొట్టాలి. త్వరగా స్టార్ట్ కావాలని కార్బురేటర్‌లో పెట్రోల్ పోయడం మాత్రం మానండి, మంటలు వస్తాయి. పాత డీజిల్ బండికి ఎయిర్ పడుతుంది, అంటే డీజిల్ గొట్టాల్లోకి గాలి చేరుతుంది. ఫిల్టర్ మీద చేతి పంపు కొట్టి, బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు ఆగి ధారగా డీజిల్ వచ్చేదాకా చూడాలి. ఇది చేయకుండా సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే బ్యాటరీ కూడా దిగిపోయి టోయింగ్ బండికి ఫోన్ చేయాల్సి వస్తుంది.

అపోహ: 28 లీటర్ల ట్యాంకులో 30 పట్టిందంటే బంకువాడు మోసం చేసినట్టే.

కాకపోవచ్చు. కంపెనీ చెప్పే లెక్కలో పైన ఆవిరికి వదిలిన చోటు, మెడ గొట్టం కలవవు. గన్ ఆగాక కూడా నొక్కి నొక్కి పోయిస్తే ఆ చోటూ నిండుతుంది. అలా పోయించకండి, ఎండకు పెట్రోల్ ఉబ్బి వాసన కొడుతుంది, బయటికీ కారుతుంది. నిజంగా అనుమానం ఉంటే గొడవ అక్కర్లేదు. ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. మీరు అడిగితే మీ ఎదుటే అందులో పోసి చూపించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా దాకా అనుమతి ఉంది. అంతకు మించి తగ్గితే అప్పుడు తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి.