ఎన్ని ఫారాలు అన్నది ఆఖరి ప్రశ్న: మనస్తత్వశాస్త్ర సర్వేలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో సైకాలజీ ప్రాజెక్టు అనగానే ముందు వినపడే మాట "ఎన్ని ఫారాలు సార్?" ఎవరిని అడగాలి, ఏమని అడగాలి అన్నవి ఆ తర్వాత వస్తాయి. చాలా సర్వేలు చెడిపోయేది ఈ వరుస తలకిందులు కావడం వల్లే.

అపోహ: 384 మంది దొరికితే చాలు

జనాభా చాలా పెద్దదనీ, జవాబులు సగం సగంగా చీలతాయనీ అనుకుని, 95 శాతం విశ్వాస స్థాయిలో (వందసార్లు సర్వే చేస్తే 95 సార్లు నిజం ఆ హద్దులోనే ఉంటుందన్న భరోసా) 5 శాతం అటూఇటూ తేడాకు ఒప్పుకుంటే వచ్చే సంఖ్య 384. తేడా 3 శాతమే ఉండాలంటే 1067 మంది కావాలి. మొత్తం జనాభా వెయ్యి మందే అయితే 5 శాతం తేడాకు 278 సరిపోతుంది. ఈ లెక్కలన్నీ లాటరీ తీసినట్టు ఎంపిక చేసినప్పుడే నిలబడతాయి. వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం లింకు పెట్టినప్పుడు ఎంపిక చేసింది మీరు కాదు, నింపిన వాళ్లే తమను తాము ఎంచుకున్నారు. అప్పుడు 384 వచ్చినా 3,840 వచ్చినా ఆ 5 శాతం మాట రాయకూడదు.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుంది. లాండన్ గెలుస్తాడని చెప్పింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. అందులోనూ తిరిగి పంపే పట్టుదల ఉన్నవాళ్లే పంపారు.

కాలేజీల్లో ఇంకో చిక్కు. విద్యార్థులను ఒక్కొక్కరిగా కాకుండా సెక్షన్లుగా తీసుకుంటే, ఒకే లెక్చరరు, ఒకే హాస్టలు ఉన్నవాళ్ల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. సెక్షనుకు 20 మంది, ఆ పోలిక (అసలు లేకపోతే 0, అచ్చు ఒకేలా ఉంటే 1) 0.05 అనుకోండి. 1 + (20 − 1) × 0.05 = 1.95. 384ను దీనితో గుణించాలి, అంటే 384 కాదు, 749 మంది కావాలి. సెక్షనుకు తక్కువ మందిని, సెక్షన్లను ఎక్కువగా తీసుకుంటే ఈ భారం తగ్గుతుంది.

"తిరుపతి వాసుల్లో ఒత్తిడి" అని పేరు పెట్టి అలిపిరిలోనో బస్టాండులోనో నిలబడితే దొరికేది యాత్రికులు. దర్శనం అయి దిగి వస్తున్న మనిషిని "మీ మనసు ఎలా ఉంది?" అంటే ఏం చెబుతాడు? ఊరివాళ్లు కావాలంటే ఇళ్లకే వెళ్లాలి. వీధుల జాబితా రాసుకుని, మొదటి ఇల్లు చీటీ తీసి, అక్కడి నుంచి లెక్క ప్రకారం ఏడో ఇల్లో పదో ఇల్లో పట్టుకోవాలి. తాళం ఉందని పక్కింటికి పోకూడదు. పగలు తాళం ఉండేది పనికి వెళ్లేవాళ్ల ఇళ్లకే, వాళ్లను వదిలేస్తే మిగిలేది రిటైరైనవాళ్లు, ఇంటిపట్టున ఉండేవాళ్లు. వేరే వేరే వేళల్లో మూడుసార్లు వెళ్లి, అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అని రాసుకోండి. నివేదికలో ఆ సంఖ్య కూడా రావాలి.

ఇంట్లో ఎవరిని అడగాలన్నదానికి "ఎవరి పుట్టినరోజు ముందు వస్తే వాళ్లను" అనే పద్ధతి విదేశీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి అసలు తేదీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది. పెద్దలందరి పేర్లు రాసుకుని చీటీ తీయడమే మేలు.

అపోహ: ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు అనువదిస్తే స్కేలు తెలుగులో సిద్ధం

స్కేలు అంటే మనసు స్థితిని కొలిచే ప్రశ్నల పట్టిక. అందులో "యాంగ్జైటీ"ని "ఆందోళన" అని రాస్తారు. పేపరు చదివేవాళ్లకు ఆందోళన అంటే కలెక్టరేటు ముందు ధర్నా కూడా. జనం నోట వచ్చేవి దిగులు, బెంగ, గుబులు, గుండె దడ, టెన్షన్. వీటిలో ఏది మీ స్కేలు కొలిచేదానికి దగ్గరో ముందు తేల్చుకోవాలి. "దిగులు" విచారం వైపు లాగుతుంది, "టెన్షన్" పరీక్షల నుంచి ఈఎంఐ దాకా అన్నిటికీ సరిపోతుంది.

ప్రశ్నల కంటే జవాబుల మాటలు ఎక్కువ మోసం చేస్తాయి. "అప్పుడప్పుడు", "ఒక్కోసారి" పక్కపక్కన పెడితే ఏది ఎక్కువో ఇద్దరు ఒకేలా చెప్పరు. డిప్రెషన్ లక్షణాల గురించి తొమ్మిది ప్రశ్నలుండే పీహెచ్‌క్యూ-9 స్కేలులో గత రెండు వారాల్లో ఎన్ని రోజులని అడుగుతారు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ. వీలైన చోటల్లా రోజులకే దిగండి.

పద్ధతి ఇది. ఇద్దరు విడివిడిగా అనువదించాలి, కూర్చుని ఒక్కటి చేయాలి. మూలం చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. అయితే తిరుగు అనువాదం ఒక్కదాన్నే నమ్ముకోకండి. "ఫీలింగ్ డౌన్"ను "కిందికి దిగినట్టు అనిపించడం" అని రాస్తే తిరుగు అనువాదంలో "డౌన్" ముచ్చటగా తిరిగొస్తుంది, తెలుగులో మాత్రం ఆ వాక్యానికి అర్థం లేదు. అందుకే అసలు జవాబిచ్చే జనం లాంటివాళ్లను 5 నుంచి 10 మందిని కూర్చోబెట్టి, "ఈ ప్రశ్న మీకు ఎట్లా అర్థమైందో మీ మాటల్లో చెప్పండి", "రెండు వారాలు అంటే ఏ రోజు నుంచి లెక్కేశారు?" అని అడగాలి. ఇది అయ్యాకే 30 మందితో పైలట్, అంటే చిన్న ట్రయల్. అందులో చూడాల్సింది ఎంతసేపు పట్టింది, ఏ ప్రశ్న ఖాళీగా వదిలారు, ఎవరు అన్నిటికీ ఒకే గడిలో టిక్ పెట్టారు అన్నవి.

నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు చాలామంది. ఫారం తెలుగులో పెట్టుకుని ఎన్యూమరేటరు (ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకునే మనిషి) అక్కడికక్కడే తమిళంలో చెబితే, ఎంతమంది ఎన్యూమరేటర్లుంటే అన్ని స్కేళ్లు తయారవుతాయి. తమిళ ప్రతి విడిగా ఉండాల్సిందే.

అపోహ: వ్యతిరేక వాక్యాలు కలిపితే అజాగ్రత్తగా నింపేవాళ్లు దొరికిపోతారు

మిగతావాటికి ఎదురు అర్థం వచ్చే వాక్యాలు కొన్ని కలిపితే, చదవకుండా ఒకే గడిలో టిక్ పెట్టేవాళ్లు బయటపడతారని నమ్మకం. ఇంగ్లీషులో ఎలా ఉన్నా తెలుగులో ఇది ప్రమాదం. "నాకు నిద్ర పట్టకపోవడం లేదు" అన్నదానికి "అవును" అంటే నిద్ర పడుతోందనా, పట్టడం లేదనా? అడిగినవాడికీ తెలియదు. వ్యతిరేకార్థం కావాలంటే "లేదు" లేకుండా రాయండి: "నాకు హాయిగా నిద్ర పడుతుంది." 5 పాయింట్ల స్కేలులో దాని స్కోరును 6లోంచి తీసేయాలి (1 ఉంటే 5, 2 ఉంటే 4). ఈ తిప్పడం మరిచిపోతే ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే సంఖ్య) పడిపోతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి పోతుంది. ఆల్ఫా చెడితే మొదట వెతకాల్సింది ఇక్కడే.

అపోహ: ఆల్ఫా 0.90 వచ్చింది, స్కేలు భేషు

ప్రశ్నలు పెంచితే ఆల్ఫా పెరుగుతుంది, అంతే. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (జవాబులు ఎంత కలిసి నడుస్తాయన్నది) 0.2 మాత్రమే ఉన్నా, 10 ప్రశ్నలకు ఆల్ఫా 0.71, 40 ప్రశ్నలకు 0.91. స్కేలు కొలవాల్సిందాన్నే కొలుస్తోందా అన్నది ఆల్ఫా చెప్పదు.

అపోహ: పేరు రాయించుకోకపోతే గోప్యత ఉన్నట్టే

12 మంది ఉన్న క్లాసులో మండలం, కులం, లింగం, తండ్రి వృత్తి అడిగితే పేరుతో పనిలేదు. విశ్లేషణలో వాడని వివరం అడగనే వద్దు. ఇంట్లో అయితే పక్కన అత్తగారు కూర్చుని ఉండగా కోడలు "బాగుండాము" అనే అంటుంది. మనసు గురించిన ప్రశ్నల కాగితం కోడలి చేతికే ఇచ్చి, కవరులో పెట్టించుకోండి.

ఇంకొకటి, ప్రిన్సిపాల్ సంతకం అనుమతి మాత్రమే, విద్యార్థి సమ్మతి కాదు. ఇంటర్ పిల్లలకు 16, 17 ఏళ్లే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, పిల్లల రాతపూర్వక అంగీకారమూ ఉండాలి. రెసిడెన్షియల్ కాలేజీల్లో తల్లిదండ్రులను పట్టుకోవడానికి సమయం పడుతుంది, షెడ్యూలులో ముందే వేసుకోండి.

అపోహ: పీహెచ్‌క్యూ-9లో 10 లేదా ఆపైన వస్తే డిప్రెషన్ ఉన్నట్టే

0 నుంచి 27 వరకు ఉండే ఆ స్కోరు జల్లెడ మాత్రమే, నిర్ధారణ కాదు. "ఇంతమందికి డిప్రెషన్" అని రాయకండి, "ఇంతమంది 10 లేదా ఆపైన స్కోరు చేశారు" అని రాయండి.

తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనిపించే ఆలోచనల గురించి. దానికి సున్నా కాక వేరే జవాబు వస్తే ఏం చేయాలో ఫీల్డుకు వెళ్లకముందే కాగితం మీద ఉండాలి: ఫారాలు ఏ రోజువి ఆ రోజే ఎవరు చూస్తారు, ఎవరు మాట్లాడతారు, ఏ మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉన్న చీటీ స్కోరుతో సంబంధం లేకుండా అందరికీ ఇవ్వాలి. పేర్లు లేని ఆన్‌లైన్ ఫారంలో ఆ మనిషిని వెతికి పట్టుకోలేరు. కాబట్టి అలాంటి ఫారంలో ఆ ప్రశ్న తీసేసి, మొదటి ఎనిమిది ప్రశ్నలతో ఉన్న పీహెచ్‌క్యూ-8 వాడండి.