వేడెక్కిన సీసాలోంచి గ్యాస్ ఎక్కడికి పోతుంది?

కూల్‌డ్రింకులు నింపే ప్లాంటులో నాణ్యత పరీక్షలు నా పని. మూతకు సూది గుచ్చి, సీసాను బాగా కుదిపి, ఒత్తిడి ఎంతో చూస్తాం. వెంటనే ఉష్ణోగ్రత కూడా చూస్తాం. ఆ రెండో అంకె లేకుండా మొదటిదానికి మా దగ్గర విలువ లేదు. ఎందుకో తెలిస్తే కింది అపోహల్లో సగం వాటంతటవే తొలగిపోతాయి.

అపోహ: ఎండలో ఉంచిన సీసాలో గ్యాస్ పోతుంది.

మూత బిగుతుగా ఉంటే పోవడానికి దారేది? నీరు చల్లగా ఉన్నకొద్దీ కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా తనలో కరిగించుకుంటుంది. మామూలు వాతావరణ పీడనంలో లీటరు నీటిలో 0 డిగ్రీల వద్ద సుమారు 1.7 లీటర్ల గ్యాస్ కరిగితే, 40 డిగ్రీల వద్ద అర లీటరుకు కాస్త ఎక్కువ మాత్రమే కరుగుతుంది. చాలా కోలాల్లో మేము నింపేది లీటరుకు 3.5 నుంచి 4 లీటర్లు. అంటే ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు కూడా ఆ గ్యాస్‌ను ఒత్తిడే పట్టి ఉంచుతోంది. సీసా వేడెక్కితే కరిగిన గ్యాస్‌లో కొంత పైనున్న ఖాళీలోకి చేరుతుంది. 4 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వెళ్తే, ఆ ఖాళీలో ముందే ఉన్న గ్యాస్ వేడెక్కడం వల్ల పెరిగే ఒత్తిడి 13 శాతమే. కానీ ద్రవంలోంచి వచ్చి చేరే గ్యాస్ వల్ల మొత్తం ఒత్తిడి రెండు రెట్లు దాటుతుంది. ఆ స్థితిలో మూత తీస్తే పానీయం నురగై పొంగి పోతుంది, మిగిలింది చప్పబడుతుంది. నింద మాత్రం మాకు! అదే సీసాను తెరవకుండా కొన్ని గంటలు చల్లబరిస్తే పైకి వెళ్లిన గ్యాస్ మళ్లీ ద్రవంలోకి దిగుతుంది.

ఒక మినహాయింపు చెప్పాలి. ప్లాస్టిక్ సీసా గోడల గుండా గ్యాస్ చాలా నెమ్మదిగా బయటకు వెళుతూనే ఉంటుంది, వేడికి ఆ వేగం పెరుగుతుంది. చిన్న సీసాలో పానీయం తక్కువ, దాన్ని చుట్టిన గోడ ఎక్కువ. అందుకే అది ముందు చప్పబడుతుంది. గాజు సీసాకు ఈ బెడద లేదు.

అపోహ: చక్కెర లేని పానీయాన్ని వేడి ఏమీ చేయదు.

అందులో తీపి కోసం ఆస్పర్టేమ్ వాడి ఉంటే చేస్తుంది. అది వేడికి మెల్లగా విడిపోయి తీపి తగ్గుతుంది.

అపోహ: తెరిచిన సీసా మెడలో చెంచా పెడితే గ్యాస్ నిలుస్తుంది.

చెంచాకు ఆ శక్తి లేదు. కాపాడింది ఫ్రిజ్ చల్లదనం. మూత గట్టిగా బిగించి, సీసాను చల్లగా ఉంచండి, చెంచాను డ్రాయరులో పెట్టండి.

అపోహ: త్వరగా చల్లబడాలంటే ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోవచ్చు.

నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైగా మంచు గ్యాస్‌నూ చక్కెరనూ తనలో ఇముడ్చుకోదు, రెంటినీ మిగిలిన ద్రవంలోకి నెడుతుంది. ఆ కాస్త ద్రవం అంత గ్యాస్‌ను మోయలేదు, ఒత్తిడి పెరుగుతుంది. గాజు పగిలి ముక్కలవుతుంది, ప్లాస్టిక్ సీసా అడుగు ఉబ్బి నిలబడదు. పొరపాటున గడ్డకట్టిన ప్లాస్టిక్ సీసాను నిలువుగా ఫ్రిజ్‌లోకి మార్చండి. మంచంతా కరిగాక కూడా ఒక రాత్రి అలాగే వదిలేయండి, గ్యాస్ తిరిగి కరగడానికి సమయం కావాలి. గాజు సీసాలో సన్నని చీలిక కనిపించినా దాన్ని తెరిచే ప్రయత్నమే చేయకండి.