కాపర్ పక్కన ఆ అంకె ఎక్కడిది?

"సీయూ2ఓ ఫార్ములాలో 2 కనిపిస్తోంది కదా, కాపర్ టూ ఆక్సైడ్ అంటే తప్పేంటి?" అని తొమ్మిదో తరగతి పాఠకురాలొకరు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! సీయూ అంటే కాపర్, మన రాగి; ఓ అంటే ఆక్సిజన్. ఫార్ములాలో కింద రాసే 2 పరమాణువుల లెక్క. పేరులో రోమన్ అంకెతో రాసేది ఒక్కో లోహ పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుందన్న లెక్క. రెండూ వేరు.

లోహం పేరు ముందు, క్లోరిన్ అయితే క్లోరైడ్ అనడం వంటివి పాఠంలో ఉన్నవే. సోడియం ఎప్పుడూ ఒకటే ఇస్తుంది, కాల్షియం రెండు. వాటికి అంకె అక్కర్లేదు. రాగి, ఇనుము, పాదరసం దగ్గరే అసలు తమాషా, అవి ఒక్కోచోట ఒక్కో లెక్కన ఇస్తాయి.

చందాల లెక్క అనుకోండి. ఆక్సిజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి. సీయూ2ఓలో దాతలు ఇద్దరు, చెరొకటి ఇచ్చారు. కాబట్టి అది కాపర్ వన్ ఆక్సైడ్, ఎర్రటి పొడి. సీయూఓలో దాత ఒక్కడే, రెండూ అతనే ఇచ్చుకున్నాడు. కాపర్ టూ ఆక్సైడ్. రాగి తీగను మంటలో పెడితే పైన పట్టే నలుపు ఇదే. ఇక అన్నభేది, ఎఫ్ఈఎస్ఓ4. ఎఫ్ఈ అంటే ఇనుము, ఎస్ఓ4 అంటే సల్ఫేట్. లోపలున్న 4 చూసి టెన్షన్ పడొద్దు, సల్ఫేట్ గుంపు మొత్తం కలిసి అడిగేది రెండే. ఇచ్చింది ఒక్క ఇనుము. ఐరన్ టూ సల్ఫేట్. అదే మూడు సల్ఫేట్లకు రెండు ఇనుములుంటే ఆరు చందాలు, తలా మూడు: ఐరన్ త్రీ సల్ఫేట్.

బళ్లో నేర్పే క్రిస్‌క్రాస్ పద్ధతి, అంటే ఇచ్చే, పుచ్చుకునే ఎలక్ట్రాన్ల అంకెలను అటూ ఇటూ మార్చి కింద రాయడం, ఫార్ములా రాయడానికి పనికొస్తుంది. పేరు కోసం దాన్ని వెనక్కి తిప్పితే సీయూఓ దగ్గరే బోల్తా పడతాం. అక్కడ 2, 2 కొట్టేసుకుపోయి జాడే మిగలదు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

అంకె తప్పితే మార్కులే కాదు, ప్రాణమూ పోవచ్చు. మెర్క్యురీ వన్ క్లోరైడ్ నీళ్లలో దాదాపు కరగదు, ఒకప్పుడు విరేచనాల మందుగా వాడేవారు. మెర్క్యురీ టూ క్లోరైడ్ నీళ్లలో కరిగే ఘోర విషం. ఈ అంకెల పద్ధతిని 1919లో ప్రతిపాదించిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ కూడా ల్యాబ్‌లో పాదరసపు ఆవిరి పీల్చి జబ్బుపడినవాడే. ఆ ప్రమాదం గురించి తర్వాత అందరినీ హెచ్చరించాడు.

చివరగా, లెక్క తెగనట్టు కనిపించే అయస్కాంతపు రాయి మాగ్నటైట్, ఎఫ్ఈ3ఓ4. నాలుగు ఆక్సిజన్లకు ఎనిమిది కావాలి, దాతలు ముగ్గురు. సమానంగా పంచలేం. ఒక ఇనుము రెండిచ్చింది, మిగతా రెండూ చెరి మూడిచ్చాయి. అందుకే దాని పేరులో రెండంకెలూ ఉంటాయి: ఐరన్ టూ, త్రీ ఆక్సైడ్.